తప్పు హౌగెన్ నుంచి తెచ్చిన రాయి: ఒక నార్వే కమతం వెతుకులాట

ఆ ఇంట్లో ఫైర్‌ప్లేస్ మీద పిడికిలంత రాయి ఒకటుంది. ఇంటావిడ తండ్రి 1974లో నార్వే వెళ్ళి, తమ పూర్వీకుల కమతం వాకిట్లో వంగి ఏరుకుని తెచ్చుకున్నది. పక్కనే ఫ్రేమ్ కట్టిన ఫోటో: తెల్ల ఇల్లు, ఎర్ర కొట్టం, వెనక కొండ. ఏడు నెలలు పనిచేశాక, ఆ రాయి వేరేవాళ్ళ వాకిట్లోదని ఆవిడకి చెప్పాల్సి వచ్చింది. ఆ కేసు ఎలా నడిచిందో, అందులో నేనెక్కడ పప్పులో కాలేశానో ఇక్కడ రాస్తున్నాను. కుటుంబం సరేనన్నాకే రాస్తున్నాను. మనుషుల పేర్లు, కొన్ని తేదీలు మార్చాను. అసలు కమతం పేరు మాత్రం చెప్పను, అక్కడ ఇప్పుడు వేరే కుటుంబం కాపురముంటోంది.

నా సంగతి రెండు ముక్కల్లో. మినియాపోలిస్ దగ్గర ఉంటాను. పగలు డేటాబేస్ ఉద్యోగం, శనాదివారాలు వంశవృక్షాల పని. మినెసోటాలో ఈ పని మొదలుపెట్టినవాడికి నార్వే తప్పదు, వీధికి రెండు ఇళ్ళు వాళ్ళవే. మా ఇంటిపేరు గోదావరి జిల్లాలో ఒక ఊరి పేరు. ఆ ఊళ్ళో మాకు సెంటు భూమి లేదు, మా తాతకు తాత అక్కడ ఉన్నాడన్న దాఖలా కూడా లేదు. ఇంత తెలిసినవాణ్ణి, ఈ కేసులో మొదట పేరు వెంటే పరిగెత్తాను.

క్లయింటు రిటైరైన స్కూల్ టీచరు, డెబ్బై దాటిన మనిషి. ఇంటిపేరు హౌగెన్. అడిగింది ఒక్కటే: "మా నాన్న చూసొచ్చిన కమతంలో మావాళ్ళు ఎప్పటి నుంచి ఉన్నారో కనుక్కుని పెట్టు." ప్రశ్నలోనే జవాబు సగం దాగి ఉందని, ఆ సగం తప్పని అప్పుడు ఇద్దరికీ తెలీదు.

పేరు కాదు, చిరునామా

నార్వే పల్లెల్లో పాతకాలపు మనిషికి పేరు మూడు ముక్కలు. మొదటిది పెట్టిన పేరు. రెండోది తండ్రి పేరు: ఓలే కొడుకు ఓల్సెన్, ఓలే కూతురు ఓల్స్‌దాతర్. పెళ్ళయినా ఆడవాళ్ళకి ఈ రెండో ముక్క మారదు, వెతికేవాళ్ళకి ఇది పెద్ద వరం. మూడోది ఉంటున్న కమతం పేరు. వాళ్ళ భాషలో కమతాన్ని 'గోర్' అంటారు. ఇల్లు, కొట్టం, పొలం, అడవి, కొండమీద వేసవి మేత, అన్నీ కలిపి ఒక గోర్, దానికో పేరు. మనిషి గోర్ మారితే మూడో ముక్క మారిపోతుంది. మూడు చోట్ల బతికినవాడికి చర్చి పుస్తకాల్లో మూడు పేర్లు కనిపిస్తాయి. అందరికీ స్థిరమైన ఇంటిపేరు ఉండి తీరాలని అక్కడ చట్టం వచ్చింది 1923లో.

అమెరికా వచ్చినవాళ్ళకి ఆ చట్టం దాకా ఆగే వీలు లేకపోయింది. ఒక కౌంటీలో ముప్ఫై మంది ఓలే ఓల్సెన్లు ఉంటే ఉత్తరం ఎవరికి చేరాలి? కొందరు తండ్రి పేరునే ఇంటిపేరు చేసుకున్నారు, కొందరు కమతం పేరు తగిలించుకున్నారు. హిల్టన్ హోటళ్ళ కాన్రాడ్ హిల్టన్ తండ్రి వచ్చింది ఉల్లెన్‌సాకెర్ అనే చోట హిల్టన్ అన్న కమతం నుంచే. వింటే ఇంగ్లీషు దొర పేరులా ఉంటుంది కదా. అమెరికా ఉపాధ్యక్షుడుగా చేసిన వాల్టర్ మాండేల్ ఇంటిపేరు కూడా ఫ్యార్లాండ్‌లోని ముండాల్ నుంచి వచ్చిందే. న్యూయార్క్ రేవులో వలసవచ్చినవాళ్ళని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసర్లు పేర్లు మార్చేశారని ప్రతి ఇంట్లో ఒక కథ చెబుతారు. ఎల్లిస్ ఐలాండ్ తెరిచింది 1892లో. మా క్లయింటు ముత్తాత ఓలే అప్పటికి పాతికేళ్ళ నాడే అమెరికాలో దిగాడు. మార్చుకున్నది వాళ్ళే, మెల్లిగా, తమకి వీలైనట్టు.

హిల్టన్, ముండాల్ లాంటి అరుదైన పేరైతే పని సులువు. హౌగెన్ అంటే 'దిబ్బ'. కొండలోయల దేశంలో దిబ్బ లేని పల్లె ఏది? ఒకే పారిష్‌లో, అంటే ఒక చర్చి పరిధిలో, ఐదారు హౌగెన్లు ఉండటం మామూలే. బక్కెన్, లీయెన్, మూయెన్ కూడా ఇలాంటివే. ఏటవాలు, కొండవాలు, మైదానం అని చెప్పే పేర్లు.

చేతిలో ఉన్నవి

మొదట ఇంట్లో ఉన్నవన్నీ బల్లమీద పరిచాం. ఒక కుటుంబ బైబిల్, సమాధిరాయి ఫోటో, 1974 నాటి ఫోటో, మినెసోటా లూథరన్ చర్చి సభ్యుల పుస్తకంలో ఒక పేజీ నకలు. ఆవిడ ముత్తాత ఓలే, భార్యతో, పసిబిడ్డతో 1868లో వచ్చాడు. బైబిల్లో పుట్టిన తేదీ 1841 మార్చి 14. సమాధిరాయి మీద 1842. చర్చి పేజీలో పుట్టిన చోటు: స్లీడ్రె, వాల్డ్రెస్.

బైబిల్లో రాసుంది కాబట్టి అదే నిజమని కుటుంబం నమ్మకం. నేను చూసింది రాతని. 1841 నుంచి 1890ల దాకా ఎంట్రీలన్నీ ఒకే చేతిరాత, ఒకే సిరా. మొదటి పేజీ చూస్తే ఆ బైబిల్ అచ్చయిందే 1880ల్లో. అంటే ఎవరో ఒకరోజు కూర్చుని గుర్తున్నదంతా ఒకేసారి రాశారు. జరిగినప్పుడు రాసిన రికార్డు కాదది, జ్ఞాపకం. ఇది నోట్సులో రాసుకున్నాను. ఆ తర్వాత దాన్ని మర్చిపోయాను.

వాల్డ్రెస్ నార్వే మధ్యలో సముద్రానికి దూరంగా ఉన్న పొడవాటి లోయ. అక్కడి నుంచి అమెరికా వచ్చినవాళ్ళు ఎంతమందంటే, ఒకే లోయవాళ్ళంతా కలిసి పెట్టుకునే సంఘాల్లో మొదటిది 1899లో వీళ్ళు పెట్టుకున్నదే. స్లీడ్రె 1849లో తూర్పు, పడమర అని రెండు మునిసిపాలిటీలుగా విడిపోయింది. మా ఓలే పుట్టినప్పుడు ఒకటే, బయలుదేరినప్పుడు రెండు. ఈ ముక్కని చిన్న విషయం అనుకున్నాను.

మూడు వారాలు గంగలో

నార్వే జాతీయ ఆర్కైవ్స్ వాళ్ళ డిజిటల్‌ఆర్కివె సైటులో చర్చి పుస్తకాలు, జనాభా లెక్కలు ఉచితంగా దొరుకుతాయి. చదవడమే కష్టం. గోతిక్ గొలుసుకట్టు రాత. మన పాత కరణాల దస్తావేజులు చదివినవాళ్ళకి ఆ బాధ తెలుస్తుంది, అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో దేవుడికే ఎరుక. అక్షరక్రమంలో ఓ తిరకాసు కూడా ఉంది: 'ఓ' మీద అడ్డగీత కొట్టినదీ, 'ఎ' నెత్తిన సున్నా పెట్టినదీ వర్ణమాల చివర వస్తాయి. ఆ పేర్లని సూచికలో ముందు వెతికి లేవనుకుని లేచిపోయినవాళ్ళు చాలామంది, మొదట్లో నేనూ అంతే.

స్లీడ్రెలో రెండేళ్ళ వ్యవధిలో ఓలే కొడుకు ఓలేలు నలుగురు బాప్తిస్మం పుచ్చుకున్నారు. అందులో ఒకడు 1841 మార్చిలో హౌగెన్‌లో పుట్టినవాడు. బైబిల్ తేదీకి మూడు రోజులే తేడా. ఆ హౌగెన్ కూడా తూర్పు వైపుది, 1974లో నాన్నగారు ఫోటో తీసుకున్నదే. నాకు చేతులు దురదపెట్టాయి. ఇక పైకి ఎక్కుతూ పోయాను: వాడి తండ్రి, తాత, ముత్తాత, 1700ల దాకా. మూడు వారాల్లో చక్కటి వృక్షం తయారైంది.

ఒక రాత్రి వేరే కేసు కోసం అదే పారిష్ ఖననాల పేజీలు తిప్పుతుంటే కనబడింది: ఓలే ఓల్సెన్ హౌగెన్, వయసు రెండేళ్ళు, 1843. తండ్రి పేరు, కమతం అన్నీ సరిపోయాయి. రెండేళ్ళకి చనిపోయిన బిడ్డకి మినెసోటాలో తొమ్మిదిమంది పిల్లలు పుట్టరు. వృక్షం మొత్తం కొట్టేశాను.

ఈ తప్పు కొత్తవాళ్ళది. ఆ కాలంలో పసివాళ్ళు దక్కడం అంత తేలిక కాదు, అందుకే బాప్తిస్మం దొరకగానే ఖననాల పుస్తకం తిరగేసి, ఆ బిడ్డ బతికాడో లేదో చూడాలి. ఇది నేను ఇతరులకి చెప్పే మొదటి పాఠం.

ఈసారి మనిషి వెంట

రెండోసారి హౌగెన్ అన్న మాట పక్కన పడేశాను. ఓలేని మాత్రమే పట్టుకుని, అమెరికా వచ్చిన రోజు నుంచి వెనక్కి ఒక్కో అడుగు వేశాను.

పిల్లల పేర్లతో మొదలుపెట్టాను. నార్వే పల్లెల్లో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్దకూతురికి తండ్రి తల్లి పేరు పెట్టడం ఆనవాయితీ. మనకి తాత పేరు పెట్టుకున్నట్టే. మినెసోటాలో ఓలే పెద్దకొడుకు ఓలే, పెద్దకూతురు మారిట్. అంటే ఓలే తల్లి మారిట్ అయ్యుండాలి. దీన్ని రుజువు అనలేం. ఇది దారి చూపిస్తుందంతే. చచ్చిపోయిన ఆ పసివాడి తల్లి పేరు వేరు. ఇది మొదటే చూసుంటే మూడు వారాలు మిగిలేవి.

తర్వాత వలస రికార్డులు. ఓడ ఎక్కేవాళ్ళ పేర్లు పోలీసులు రాసుకున్న పుస్తకాలున్నాయి. ఓస్లోని అప్పట్లో క్రిస్టియానియా అనేవారు, అక్కడి పుస్తకం 1867 నుంచి ఉంది. అందులో ఓలే లేడు. బెర్గెన్ మీదుగా వెళ్ళి ఉండొచ్చు, కానీ అక్కడి పుస్తకం 1874లోగానీ మొదలవదు. ఆ దారి మూసుకుపోయింది. చర్చి పుస్తకంలోనే పారిష్ వదిలి వెళ్ళినవాళ్ళ జాబితా వేరుగా ఉంటుంది. పడమటి స్లీడ్రె, 1868 వసంతం: ఓలే ఓల్సెన్ హౌగెన్, భార్య, బిడ్డ, గమ్యం అమెరికా. పుట్టిన తేదీ 1842 మార్చి 14. భార్య పేరు, బిడ్డ పేరు మినెసోటా పేజీతో అచ్చంగా సరిపోయాయి. రోజు బైబిల్ చెప్పింది నిజం, సంవత్సరం సమాధిరాయి చెప్పింది నిజం.

పడమటి స్లీడ్రె! ఫోటోలో ఉన్న హౌగెన్ తూర్పుది.

1865 జనాభా లెక్కలో పడమటి హౌగెన్ దొరికింది. అది గోర్ కానే కాదు. పెద్ద కమతం కింద ఒక 'ప్లాస్'. అక్కడ ఉండేవాణ్ణి హుస్‌మన్ అంటారు. మన పాలేరుకీ కౌలుదారుకీ మధ్య మనిషి అనుకోండి. గుడిసె, నాలుగు గుంటల నేల ఇస్తారు, బదులుగా ఏడాదికి ఇన్ని రోజులు ఆసామి పొలంలో పనిచెయ్యాలి. ఆ లెక్కలో పశువులు, విత్తనాలు కూడా రాస్తారు, అందుకే అది నాకిష్టం. హౌగెన్ ప్లాస్‌లో ఒక ఆవు, నాలుగు గొర్రెలు, కాస్త బార్లీ, కాస్త బంగాళాదుంపలు. ఓలే తండ్రి పేరు ఎదురుగా: నేల ఉన్న హుస్‌మన్. ఓలే వయసు 24. లెక్క 1865 చివరి రోజు నాటిది, 1842 మార్చిలో పుట్టినవాడికి నిండింది 23 కదా అని మీరు అడగొచ్చు. ఆ ఏడాది నడుస్తున్న వయసు రాయమన్నారు. మన పెద్దవాళ్ళు "ఇరవైనాలుగో ఏడు నడుస్తోంది" అన్నట్టు. ఈ సంగతి తెలియక ఎంతోమంది సరైన మనిషిని తోసేసి తప్పు మనిషిని ఎత్తుకుంటారు.

ఇక 1842 బాప్తిస్మం. తేదీ సరిపోయింది, తల్లి మారిట్. కానీ కమతం పేరు హౌగెన్ కాదు, వేరేది. తండ్రి అప్పుడు ఒకరింట్లో తలదాచుకుంటున్న కూలి. 1857లో ఓలేకి కన్ఫర్మేషన్ (ఎదిగిన పిల్లల్ని చర్చి సభ్యులుగా స్థిరపరిచే క్రతువు) జరిగినప్పుడు మూడో కమతం పేరు. ఈ మూడు పేర్లవాడూ ఒకడేనని ఎలా నమ్మాలి? కన్ఫర్మేషన్ ఎంట్రీలో పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, మశూచి టీకా సంగతి ఉంటాయి. 1810 చట్టం ప్రకారం టీకా లేనిదే కన్ఫర్మేషన్ లేదు, పెళ్ళీ లేదు. ఆ నాలుగూ ఒకే మనిషిని చూపించాయి. హౌగెన్‌కి ఈ కుటుంబం 1860 ప్రాంతంలో చేరింది, 1868లో కొడుకు అమెరికా వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళ అడ్రసు నూటయాభై ఏళ్ళ ఇంటిపేరైంది.

క్లయింటు డీఎన్ఏ టెస్టు చేయించి ఉంచారు, చూశాను కానీ పెద్దగా వాడుకోలేదు. ఇలాంటి లోయల్లో వందల ఏళ్ళు అటూ ఇటూ పిల్లనిచ్చి పుచ్చుకున్నారు. అందరూ అందరికీ రెండు మూడు దారుల్లో చుట్టాలే.

పొలం ఎక్కడ పోయింది

నేనిక్కడ ఆపెయ్యొచ్చు. కానీ బాప్తిస్మం ఎంట్రీలో సాక్షుల పేర్లు నన్ను వదల్లేదు. నార్వేలో బిడ్డకి ఐదుగురు గాడ్‌పేరెంట్స్ నిలబడటం మామూలు. తలదాచుకుంటున్న కూలివాడి బిడ్డకి నిలబడిన ఐదుగురిలో ఇద్దరు ఒక పెద్ద కమతపు యజమాని, అతని భార్య. ఎందుకొచ్చారు? కూలివాడి ఇంటికి ఆసామి దంపతులు మొహమాటానికి రారు. చుట్టాలైతే వస్తారు.

ఓలే తండ్రి పెళ్ళి ఎంట్రీలో అతని పేరు ఓలే లార్సెన్, అంటే లార్స్ కొడుకు. ఆ పెద్ద కమతపు యజమాని కూడా లార్సెన్. అన్నదమ్ములేమో అన్న అనుమానం తీర్చింది షిఫ్టె. ఆస్తి పంపకాల రికార్డుని అలా అంటారు. మైనరు వారసులుంటే కోర్టు వచ్చి చెంచాతో సహా లెక్క రాసేది. 1823లో లార్స్ చనిపోయాడు. కుండలు, దుప్పట్లు, గొర్రెలు, అప్పులు అన్నీ వరసగా రాశారు. ఐదుగురు పిల్లలు. కమతం పెద్దకొడుకుది. పద్నాలుగేళ్ళ ఓలేకి ఒక పెట్టె, ఒక గొర్రె, అప్పులు పోగా మిగిలిన కొద్ది డబ్బు.

పెద్దవాడికే ఎందుకంటే ఓడెల్ హక్కు వల్ల. కుటుంబ భూమి మీద కుటుంబానికి, అందులోనూ పెద్ద సంతానానికి ముందు హక్కు. ఇది మధ్యయుగాల నాటి చట్టం, 1814 రాజ్యాంగం కూడా దాన్ని తీసెయ్యకూడదంది. కమతం ముక్కలు కాకుండా నిలబడింది, కానీ చిన్నవాళ్ళు కిందికి జారారు. రైతు కొడుకు ఒక్క తరంలో పాలేరయ్యాడు, వాడి కొడుకు ఓడెక్కాడు. అన్నకి తమ్ముడి మీద ప్రేమ లేక కాదు, బాప్తిస్మానికి భార్యతో వచ్చి నిలబడ్డాడుగా.

లార్స్ దగ్గర ఇంకో మలుపు. 1801లో మనిషి మనిషినీ పేరుతో రాసిన జనాభా లెక్క ఉంది. అందులో 22 ఏళ్ళ లార్స్ ఆ కమతంలో లేడు, వేరేచోట జీతగాడు. 1804లో ఆ కమతపు అమ్మాయిని చేసుకుని అక్కడికొచ్చాడు. ఇల్లరికం! వచ్చిన రోజు నుంచి అతని పేరు చివర భార్య కమతం పేరే. మా క్లయింటు మగవాళ్ళ వరసలో మాత్రమే వెతకమన్నారు మొదట, నాన్న వైపు హౌగెన్లని. భూమి ఉన్న ఆ వంశం ఒక ఆడపిల్ల ద్వారా వచ్చింది.

అక్కడి నుంచి ఆ ప్రాంతపు బిగ్డెబూక్ సాయపడింది. నార్వేలో చాలా ప్రాంతాలకి ఇలాంటి పుస్తకాలున్నాయి: ఒక్కో కమతం, అందులో వరసగా ఎవరెవరున్నారు, పిల్లలెవరు. మా ఓలే లార్సెన్ గురించి అందులో ఉన్నది పేరు, పుట్టిన సంవత్సరం, అంతే. అది కమతం చరిత్ర, కమతంలో ఉన్నవాళ్ళ వెంట నడుస్తుంది, మూట కట్టుకుని వెళ్ళినవాడి వెంట రాదు. ముందే ఆ పుస్తకం తెరిచి ఉంటే ఆ పేరు దగ్గర నాకేమీ తట్టేది కాదు. చర్చి పుస్తకాలను దాటి 1660ల్లో మగవాళ్ళ లెక్క రాసినప్పటి జాబితా దాకా కమతపు వరస వెళ్ళింది. అక్కడ ఆపాను. ఆ పైన పుస్తకం చెప్పినవి కథలే, రికార్డులు కావు. రిపోర్టులో కూడా అలాగే రాశాను: హౌగెన్ నుంచి లార్స్ దాకా గట్టి రుజువు, లార్స్ భార్య పుట్టింటి వరస 1700 దాకా బాగుంది, అంతకు ముందు పుస్తకం మాట.

కమతం పేరు అర్థం కోసం ఓలుఫ్ రిగ్ సంపుటాలు చూశాను. రిగ్ క్రిస్టియానియాలో ప్రొఫెసరు. దేశంలోని కమతాల పేర్లన్నీ పాత రాతల్లో ఎలా ఉన్నాయో ఏరి, జిల్లాకో సంపుటం చొప్పున 1897 నుంచి అచ్చు వేయడం మొదలుపెట్టాడు. రెండేళ్ళకే పోయాడు, మిగతావాళ్ళు పూర్తిచేశారు. మన కమతం పేరు 'రుద్'తో ముగుస్తుంది. రుద్ అంటే అడవి కొట్టి చదును చేసిన చోటు. దీనికి తెలుగులో మాట వెతుక్కోనక్కర్లేదు: పోడు. 'స్టాడ్', 'హైమ్' లాంటి ముగింపులవి ఇంకా పాత కమతాలు, మంచి నేల ముందు వాళ్ళకి దొరికింది. పోడు కొట్టుకున్నవాళ్ళు తర్వాత వచ్చినవాళ్ళు.

చెప్పడం

ఈ పనిలో నాకు టెన్షన్ పెట్టేది గోతిక్ రాత కాదు, చివరి మీటింగు. తండ్రి పోయి ఇరవై ఏళ్ళు. ఆయన ఆ వాకిట్లో నిలబడి ఏడ్చాడని ఆవిడ అంతకుముందు రెండుసార్లు చెప్పింది. 1974లో ఆయనకి దారి చూపించినవాళ్ళు మోసం చెయ్యలేదు. "స్లీడ్రెలో హౌగెన్" అని అడిగితే ఒక హౌగెన్ చూపించారు.

మాటల్లో చెప్పకుండా ముందు మ్యాప్ పరిచాను. తూర్పున ఫోటోలోని హౌగెన్. పడమర, పెద్ద కమతం అంచున, అడవిలో ఒక చుక్క: మన హౌగెన్. ఇప్పుడక్కడ ఇల్లు లేదు, హుస్‌మన్ ప్లాస్‌లు చాలావాటికి పునాది రాళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. దాని పైన, రుద్ ఉన్న కమతం. ఆవిడ చాలాసేపు మ్యాప్ చూసింది. షిఫ్టె కాగితంలో పెట్టె, గొర్రె ఉన్న వరస చూపిస్తే, "ఆ పెట్టె మా ఇంట్లో ఉందేమో" అని లేచి వెళ్ళింది. మేడమీద ఒక చెక్కపెట్టె ఉంది, కానీ దాని మీద పూసిన రంగులు, సంవత్సరం చూస్తే అది ఓలే భార్య తరపుది. అది కూడా చెప్పాల్సొచ్చింది.

రాయి సంగతి నేనెత్తలేదు. నెల తర్వాత రిపోర్టు ఇవ్వడానికి వెళ్తే అది అక్కడే ఉంది. దాని కింద కొత్తగా చిన్న కార్డు, టీచరమ్మ గుండ్రటి చేతిరాతలో: "నాన్న తెచ్చింది, 1974. పక్కవాళ్ళ హౌగెన్."